తాబేలుకు జానెడు మట్టి

మా అత్తగారు తెమ్మన్నది ఇత్తడి తాబేలు. తెలియక ప్రాణమున్నదాన్ని తెచ్చానని ఇంట్లో ఒక వాదన ఇప్పటికీ నడుస్తోంది కానీ, అది నిజం కాదు. తెలిసే తెచ్చాను.

గిన్నెలో నీళ్లు పోసి అందులో ఇత్తడి తాబేలును ఉత్తరం వైపు చూసేలా పెడితే సొంత ఇల్లు అమరుతుందని ఆవిడ భీమవరం నుంచి ఫోన్లో చెప్పింది. మేం శంషాబాద్‌లో అద్దెకుంటున్నాం. చుట్టుపక్కల ఎటు చూసినా ప్లాట్లే. వాటిలో మాది ఒక్కటీ లేదు. కాబట్టి ఆవిడ సలహాను నేను కొట్టిపారేయలేదు. ఒక ఆదివారం సిటీలోకి వెళ్లి ఇత్తడి సామాన్ల దుకాణం వెతికాను. దాని పక్కనే చేపలు, పిట్టలు అమ్మే దుకాణం ఉంది. గాజు తొట్టెలో రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దవైన తాబేలు పిల్లలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఆకుపచ్చ చిప్ప, కంటి వెనక ఎర్రటి చార. బొమ్మకే అంత మహిమ ఉంటే అసలుదానికి ఎంత ఉండాలి అనిపించింది. డిగ్రీలో తర్కశాస్త్రం ఒక పేపరుగా చదివి గట్టెక్కినవాణ్ణి. ఇలాంటి నిర్ణయాలు నాకు కొత్త కాదు.

"దేశవాళీదైతే కేసైతది అన్నా. ఇది ఫారిన్‌ది. ఏం పరేషాన్ లేదు," అని షాపతను భరోసా ఇచ్చాడు.

"మగదా, ఆడదా?" అని అడిగాను. నాకు ఏదైనా ఒకటే. కొనేటప్పుడు ఏదో ఒక ప్రశ్న అడగడం మర్యాద.

"పక్కా మగది," అన్నాడు.

నేను విమానాశ్రయంలో సరుకుల విభాగంలో పనిచేస్తాను. ఏ పెట్టె ఏ ఊరికి పోవాలో, ఏ వైపు పైకి ఉండాలో చూసి చీటీలు అంటించే పని. చుట్టాలు మాత్రం నేను రోజూ విమానం ఎక్కి దిగుతానని అనుకుంటారు. ఫారిన్ వస్తువులు ఏవైనా ఉంటే చూడమని అడుగుతుంటారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో మా ఇంటికి చేరిన ఫారిన్ వస్తువు ఆ తాబేలు ఒక్కటే. అదీ సిటీ బస్సులో వచ్చింది.

ఆ సాయంత్రం అత్తగారు వీడియో కాల్‌లో తనిఖీ చేసింది.

"అల్లుడు గారూ, అది కదులుతోందేంటండీ?"

"ప్రాణముందండీ అత్తయ్య గారూ."

"తీసెయ్యండి."

"ప్రాణాన్నా?"

ఫోను మా ఆవిడ లాక్కుంది. ఆవిడ బడిలో లెక్కలు చెబుతుంది. ఏ విషయాన్నైనా రెండు మెట్లలో తేల్చేస్తుంది. "అమ్మా, ఇది ఉత్తరం వైపు తిరిగినప్పుడు ఉత్తరం వైపే చూస్తుంది. మిగతా టైములో మనం పట్టించుకోకూడదు," అని చెప్పి పెట్టేసింది.

మొదటి ఏడాది దాని స్వభావం గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. తినేది, దాక్కునేది. మా ఇంటి మీదుగా విమానం దిగిన ప్రతిసారీ తల లోపలికి లాక్కునేది. ఇక్కడ విమానాలకు కొదవ లేదు కాబట్టి పాపం దాని తల బయట ఉన్న సమయం తక్కువ. తర్వాత ఎప్పుడో మానేసింది. మేం ఈ ఇంటికి వచ్చిన కొత్తలో మేమూ అంతే. విమానం పోతుంటే మాట ఆపేవాళ్లం. ఇప్పుడు గొంతు పెంచి కానిచ్చేస్తాం.

గాజు తొట్టె చాలక ప్లాస్టిక్ టబ్బు వచ్చింది. అది చాలక బాల్కనీలో ఇటుకలు పేర్చి ఇంకా పెద్దది పెట్టాం. మధ్యలో ఒక బండరాయి. పొద్దున్నే దాని మీదికెక్కి, వెనక కాళ్లు రెండూ చాపి, మెడ నిక్కించి ఎండ కాచుకునేది. ఆ భంగిమలో మా స్టేషన్ సూపర్‌వైజర్ పోలికలు కనబడేవి. ఆయనకు ఆ మాట నేనెప్పుడూ చెప్పలేదు.

సాయంత్రాలు ఇంట్లో వదిలేవాళ్లం. అప్పుడే దాని గుణాలు ఒక్కొక్కటీ బయటపడ్డాయి. ఇల్లు తుడిచే మాప్ అంటే దానికి పగ. మాప్ ఏ గదిలో ఉంటే ఆ గదికి నడిచి వెళ్లి కరిచేది. ఫ్రిజ్ కింద వెచ్చగా ఉంటుందని అక్కడ నిద్రపోయేది. వాషింగ్ మెషిన్ తిరుగుతుంటే ఎదురుగా కూర్చుని ఆసాంతం చూసేది; బట్టలు పిండే ఘట్టం రాగానే వెళ్లిపోయేది, బహుశా కథ తెలిసిపోయినందువల్ల. మా ఆవిడ గేటు తీసిన చప్పుడు మేడ మీద ఉన్న దానికి వినబడేది. తలుపు దగ్గరికి వచ్చి నిలబడేది. నేను వస్తే వచ్చేది కాదు. దాని తొట్టె కడిగేది, నీళ్లు మార్చేది నేనే. ఆ పని చేసేవాణ్ణి గుర్తుపెట్టుకోనక్కర్లేదని అది తేల్చుకుని ఉంటుంది. మునిసిపాలిటీ విషయంలో మనం చేసేదీ అదే.

అప్పుడప్పుడూ మెట్టు దిగబోయి వెల్లకిలా పడేది. నాలుగు కాళ్లూ గాల్లో ఆడిస్తూ అలా ఉండిపోయేది కానీ, అరవడానికి దానికి గొంతు లేదు. మా ఆవిడ పరిగెత్తుకొచ్చి తిప్పి, నా వైపు చూసి, "పెట్టెల మీద బాణం గుర్తులు వేసే ఉద్యోగం కదా మీది. ఇంట్లో ఒక్కదాన్ని చూసుకోలేరా?" అనేది.

పేరు పెట్టలేదు. పిలిస్తే వచ్చే జీవి కాదు కాబట్టి అవసరం పడలేదు. వాడు, వీడు అనుకుంటూ గడిపేశాం. రూపాయి బిళ్లంతది అన్నం పళ్లెమంత అయింది.

ఈ వేసవిలో తిండి మానేసింది.

మొదట ఎండ అనుకున్నాం. తొట్టె మీద తడి గోనె కప్పాం. తర్వాత మేత నచ్చలేదేమో అనుకున్నాం. కీర ముక్కలు, పాలకూర, ఉడికించిన చికెన్ ఒక్కొక్కటే ముందు పెట్టాం. వాసన చూసి తల తిప్పేసింది. దానికి తోడు ఇల్లంతా తిరగడం మొదలుపెట్టింది. మాప్ ఎదురుపడినా పలకరించలేదు. మూలమూలకీ వెళ్లి వెనక కాళ్లతో టైల్స్ మీద గీరేది. గీరి, ఆగి, ఇంకో మూలకు పోయేది. బడికి సెలవులు కాబట్టి మా ఆవిడ రోజంతా దాని వెనకే తిరిగింది. నేను డ్యూటీ నుంచి రాగానే, "ఇవాళ కూడా తినలేదు," అనేది. ఆవిడ తిన్నదో లేదో అడిగితే, "ఆ సంగతి తర్వాత," అనేది. తాబేలు ఏమైపోతుందోనన్న దిగులు మా ఇంట్లో కూర, అన్నం కంటే ముందే వడ్డనకు వచ్చేది.

కింద వాటాలో మా ఇంటి ఓనరమ్మ ఉంటుంది. ఈ ఊరావిడే. మమ్మల్ని సారు, టీచరమ్మ అంటుంది. మేం అక్కా అంటాం. ఒకరోజు పైకొచ్చి తాబేలును చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"దీనికి ఏడి చేసింది. గంతే. మా తల్లిగారింట్ల బాయిల ఒక తాంబేలు ఉండె. మా తాత ఏసిండు. నీళ్లు అద్దం లెక్క ఉంటుండె. దీన్ని తీస్కపోయి మన సంపుల ఏసెయ్యి సారు. దానికి సల్లగుంటది, మనకు నీళ్లు సాఫైతయి."

పాత రోజుల్లో బావిలో తాబేలును వదిలేవాళ్లని మా వైపు కూడా విన్నాను. పురుగునీ నాచునీ తినేసి నీళ్లు శుభ్రం చేస్తుందట. పెద్దల మాట, పైగా పర్యావరణానికి మంచిది. మా ఆవిడకూ ఆ చల్లదనం మాట నచ్చింది. ఇద్దరం కలిసి దాన్ని కిందికి తెచ్చి, వాకిట్లో నేల కింద ఉన్న నీళ్ల సంపు మూత తీసి, మెల్లగా వదిలాం. అడుగుకు పోయింది. మూత వేశాం. ఓనరక్క మూతకు దండం పెట్టింది.

ఆ సాయంత్రం టీ తాగుతూ మా ఆవిడ కప్పు కింద పెట్టేసింది.

"ఏమండీ, బావికి పైన ఎండ ఉంటుంది. గోడ రాళ్ల మధ్య సందులుంటాయి. అలిసిపోతే ఎక్కి కూర్చుంటుంది. సంపులో ఎక్కడ కూర్చుంటుంది?"

సంపుకు నాలుగు వైపులా నున్నటి సిమెంటు గోడ, పైన ఇనప మూత. ఒడ్డు లేని నీళ్లు. ఊపిరి కోసం పైకి వస్తూ, కిందికి పోతూ, ఎంతసేపు ఈదుతుంది? మూత తీసి టార్చి వేశాం. నీళ్లు కనబడ్డాయి. తాబేలు కనబడలేదు.

మే నెల. బోరు ఎప్పుడో చేతులెత్తేసింది. ఆ పొద్దున్నే ట్యాంకర్ వచ్చి సంపు నింపి వెళ్లింది. ఓనరక్క ఒక్క క్షణం ఆ నీళ్ల వైపు చూసింది. ఒక్క క్షణం మా ఆవిడ ముఖం వైపు చూసింది. తర్వాత వాకిట్లో నిలబడి మిగతా వాటాల వాళ్లందరికీ వినబడేలా కేక పెట్టింది.

"బిందెలు, బకీట్లు, గంగాళాలు, ఏది దొరికితే గది పట్టుకొని రాన్రి! మోటరేస్తున్న! మీదున్న ట్యాంకీ నిండినంక పైపు మీకే ఇస్త. ఒక్క సుక్క రోడ్డు మీదికి పోయిందంటే చెప్తున్న!"

నిండని పాత్ర ఆ ఇంట్లో మిగలలేదు. ప్రెషర్ కుక్కర్లు నిండాయి. పూలకుండీలు నిండాయి. ఎవరో హెల్మెట్ కూడా తెచ్చారు కానీ దాన్ని వెనక్కి పంపించాం. నీళ్లు మోకాలి లోతుకు దిగాక నిచ్చెన వేసి నన్ను దింపారు. మోటారు పైపు ఉన్న మూలలో తాబేలు దొరికింది. ఆ అలసటలో కూడా గోడకు వీపు ఆనించి, వెనక కాళ్లతో సిమెంటును గీరుతోంది.

దాన్ని పైకి అందించాక ఓనరక్క ఖాళీ సంపులోకి తొంగిచూసింది.

"ఏంది సారు, తాంబేలుతోని నీళ్లు సాఫైతయంటే, మొత్తం నీళ్లే సాఫ్ చేపిచ్చినవ్."

మర్నాడు సెలవు పెట్టి బుద్వేల్‌లో ఒక పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. గదిలో అన్నీ కుక్కలు. మా టబ్బును వాసన చూడాలని ఒకదాని తర్వాత ఒకటి గొలుసులు లాగుతున్నాయి. ఏం జబ్బని ఒకాయన అడిగితే మా ఆవిడ, "నడక ఎక్కువైంది," అంది. తాబేలుకు అది జబ్బే కదా అన్నట్టు ఆయన తలూపాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి, వెలుతురుకు పట్టి చూపించాడు. చిప్ప లోపల తెల్లగా కోలగా ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి.

"గుడ్లు," అన్నాడు.

"ఇది మగదండీ," అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"కొన్న షాపులో."

"ఆయన ఏం చూసి చెప్పాడట?"

"నేను అడిగాను, ఆయన చెప్పాడు. అంతే."

డాక్టరు నన్ను వదిలేసి మా ఆవిడతో మాట్లాడాడు. మగ తోడు లేకపోయినా పెడతాయట, ఫారం కోళ్లలాగే. పిల్లలు కావు. కానీ లోపల ఉండిపోతే ప్రాణానికే ముప్పు. "తవ్వడానికి దానికి మట్టి కావాలి. తిండి మానేసి తిరుగుతున్నది అందుకే. ఒక జానెడు లోతు మెత్తటి మట్టి ఉంటే చాలు, అదే చూసుకుంటుంది. ఇంజెక్షన్ ఉంది, కానీ మామూలుగా పెట్టడమే మంచిది. రెండు మూడు రోజులు చూడండి. ఆ తర్వాత ఆపరేషన్. చిప్ప కోయాల్సి వస్తుంది."

"బతుకుతుందాండీ?"

"కొన్ని బతుకుతాయి," అన్నాడు.

తిరిగొస్తూ ఆరాంఘర్ చౌరస్తా దాటేదాకా మా ఆవిడ టబ్బు ఒళ్లో పెట్టుకుని, మూత సందులోంచి లోపలికి చూస్తూ కూర్చుంది. తర్వాత, "అది ఇన్నాళ్లూ అడుగుతూనే ఉంది. టైల్స్ మీద గీరి మరీ అడిగింది," అంది.

శంషాబాద్‌లో జానెడు మట్టి దొరకడం కష్టమని ఎవరైనా అంటే నేను అంతకుముందు నవ్వేవాణ్ణి. ఇక్కడ అందరి వ్యాపారం మట్టే. గజాల్లో కొంటారు, గజాల్లో అమ్ముతారు, దాని మీద కోర్టుకు పోతారు. కానీ చేత్తో తాకుదామంటే ఎక్కడా కనబడదు. మా వాకిలి సిమెంటు. సందు సిమెంటు. కాలనీ పార్కులో చెట్టు మొదళ్ల చుట్టూ కూడా టైల్స్ వేసేశారు. మా విమానాశ్రయంలో పచ్చిక ఉంది, కానీ అక్కడికి తాబేలుతో వెళ్లి గుడ్లు పెట్టించడానికి ఏ పాస్ కావాలో ఇన్నేళ్ల సర్వీసులో నాకు తెలియదు.

మొదట టబ్బులో ఇసుక పోశాం. పక్క సందులో ఇల్లు కడుతున్నవాళ్లను అడిగి తెచ్చిన ఇసుక. తాబేలు దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి, అద్దె ఇల్లు చూడటానికొచ్చి నచ్చనివాళ్లలాగా ముఖం పెట్టి, బయటికి ఎక్కబోయింది. పూలకుండీ మట్టి పోశాం. అదీ వద్దంది.

సాయంత్రం స్కూటర్ మీద ఊరి బయట ఒక వెంచర్‌కు వెళ్లాం. హద్దు రాళ్లు పాతిన ఖాళీ నేల. టబ్బులోంచి తాబేలును తీసి కింద పెట్టాం. మా ఆవిడ చేతిసంచిలోంచి తువ్వాలు, చిన్న తాపీ, కీరకాయ తీసింది. నేల గట్టిగా ఉంటే కాస్త గుల్ల చేద్దామని నేను తాపీ పట్టుకుని వంగాను. అప్పుడే వాచ్‌మన్ వచ్చాడు.

"ఏం తవ్వుతున్రు సారు?"

"మేం కాదు. ఇది తవ్వాలి."

ఆయన తాబేలును చూశాడు. తాపీని చూశాడు. పొద్దు వాలుతున్న ఆకాశం చూశాడు. ఆయన ముఖంలో రంగు మారింది.

"నిధి కోసమొచ్చిన్రా?"

తాబేలును పెట్టి పూజలు చేసి పాతర తవ్వేవాళ్లు ఉంటారని ఇక్కడ అందరికీ ఒక నమ్మకం. మా అవతారాలు ఆ నమ్మకానికి సరిగ్గా సరిపోయాయి.

"నిధి కాదండీ. గుడ్లు పెట్టాలి," అంది మా ఆవిడ.

"గుడ్లు ఇంట్ల పెట్టదా? మరి గా కాయ దేనికి? పూజకా?"

"అది కీరకాయ. దీని తిండి."

"చదువుకున్నోళ్లు గిట్ల చేస్తే మా అసొంటోళ్లు ఏం గావాలె?" అని మందలించి మమ్మల్ని స్కూటర్ దాకా సాగనంపాడు. నేను కిక్ కొట్టాక దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "సారూ, నిజంగ ఏమన్న ఉంటే పొద్దుగాల రా. ఇద్దరం చూస్కుందం."

మిగిలింది ఓనరక్క ప్లాటు. మా ఇంటిని ఆనుకునే ఉంది. చుట్టూ ప్రహరీ, రేకు గేటు, లోపల కొత్తగా పోసి చదును చేసిన ఎర్రమట్టి. ఇంకో ఇల్లు లేపడానికి సిద్ధం చేసింది. నాలుగు రోజుల్లో భూమిపూజ. మేం ఇంటికి రాగానే అడిగాం. ఆవిడ ముఖం ముడుచుకుంది.

"ఇంకేమన్న అడుగు టీచరమ్మా. గది అడగకు. మూర్తం దాక గా మట్టి మీద గోరు కూడ పడొద్దన్నడు పంతులు. గీ ఇంటప్పుడు ఏమైంది? మూర్తానికి ముందుగాల్నే కరెంటోడొచ్చి పోల్‌కు గుంత తవ్విండు. బోరు ఎండింది. ఇప్పటిదాక ట్యాంకర్లే. మల్ల గట్లనే చెయ్యమంటవా?"

మా ఆవిడ చెయ్యమనలేదు. బోరుకూ స్తంభం గుంతకూ సంబంధం లేదని చెప్పడానికి నేను నోరు తెరిచాను కానీ, నిన్ననే ఆవిడ సంపు ఖాళీ చేయించినవాణ్ణి. నోరు మూసుకున్నాను. మట్టే దొరకనప్పుడు రెండు మూడు రోజులు ఆగి లాభం లేదని, మర్నాడే బుద్వేల్ వెళ్లి ఇంజెక్షనో ఆపరేషనో చేయించాలని అనుకున్నాం.

పొద్దున ఆటో పిలిచి, టబ్బును మెట్ల కింద పెట్టి ఎదురుచూస్తున్నాం. లోపల తాబేలు వెనక కాళ్లతో ప్లాస్టిక్‌ను గీరుతోంది. గర్, గర్ మని చప్పుడు. మధ్యలో ఆగి, మెడ చాచి, నోరు తెరిచి, మళ్లీ గీరుతోంది. ఓనరక్క వాకిలి ఊడుస్తూ చీపురు ఆపింది.

"ఎప్పటి సంది గిట్ల?"

"రాత్రంతా అక్కా," అంది మా ఆవిడ.

ఓనరక్క చీపురు గోడకు ఆనించి, టబ్బు పక్కన గొంతుక్కూర్చుంది. తాబేలు మరోసారి ముక్కి, నోరు తెరిచింది.

"అయ్యో నా తల్లీ, నొప్పులొస్తున్నయే నీకు," అని లేచి, కొంగుకు కట్టుకున్న తాళం చెవి విప్పింది.

"అక్కా, ముహూర్తం?"

"కాన్పుకు మూర్తముంటదా టీచరమ్మా? నా పెద్దోడు అమాస నాడు పుట్టిండు. ఆగమంటె ఆగిండా? లే, పట్టుకో."

రేకు గేటు తెరుచుకుంది. నేనూ వెనకాలే లోపలికి అడుగు పెట్టబోయాను. ఓనరక్క గుమ్మంలోనే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వెక్కడికి సారు? కాన్పు కాడ మొగోళ్లకేం పని? జర అవతల నిలవడు. కుక్కలొస్తే కొట్టు."

నేను కొన్న తాబేలు. నేను తొట్టె కడిగిన తాబేలు. అయినా బయటే నిలబడ్డాను. కాబట్టి ఆ తర్వాత జరిగిందంతా ప్రహరీ అవతల నుంచి విన్నదే; చూసినట్టు రాయడం నాకు చేతకాదు.

"ఎటు పోతుంది గిది?"

"చూసుకుంటోందక్కా. తొందరపెట్టకూడదు."

"నేనేం తొందరపెడుతున్న? ఏమే, ఆ మూలకు పోకే. గక్కడ ఇటుక ముక్కలున్నయ్."

ఒక కుక్క వచ్చింది. నా వైపు చూసి తనంతట తానే వెళ్లిపోయింది. ఆటో వచ్చింది. వద్దని పంపించాను. ఏమైంది సార్ అంటే, లోపల కాన్పు జరుగుతోందన్నాను. అతను ఇంజను ఆపి చేతులు జోడించి, మళ్లీ స్టార్ట్ చేసుకుని వెళ్లాడు.

"ఆగింది! ఆగిందక్కా. ఇదిగో, మట్టి తడుపుకుంటోంది."

"నీళ్లు ఏడికెళ్లి తెచ్చిందే?"

"దాని ఒంట్లోవే."

"శాన తెలివి. మేస్త్రీగాళ్లు నేర్సుకోవాలె. ట్యాంకర్ అక్కర లేకుంట పనైతుంది."

తర్వాత మట్టి చిమ్ముతున్న చప్పుడు. వెనక కాళ్లతో, ఒకటి తర్వాత ఒకటి, ఎంతో ఓపిగ్గా. ఆ చప్పుడు టైల్స్ మీద గీరిన చప్పుడు లాంటిదే కానీ వేరు. ఈసారి ఏదో జరుగుతోంది. గోడకు చెవి ఆనించి వింటున్న నన్ను చూసి పాలవాడు సైకిల్ దిగాడు. నేను గడియారం చూసుకున్నట్టు నటించాను.

"వస్తోంది... వస్తోందక్కా..." అంటుండగా నెత్తి మీద నుంచి పెద్ద విమానం ఒకటి లేచింది. అది పూర్తిగా దాటేదాకా నాకు ఒక్క ముక్క వినబడలేదు. దాని పొట్టలో నేను చీటీలు అంటించిన పెట్టెలే ఉండి ఉంటాయి. తప్పు ఎవరిదని అనాలి?

చప్పుడు తగ్గేసరికి లోపల ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

"ఎన్ని?" అని గోడ మీదుగా అడిగాను.

"లెక్క తప్పాను," అంది లెక్కల టీచరు.

"ఏమైంది? బాగానే ఉందా?"

"బాగానే ఉంది. మీరుండండి. ఇంకా కప్పుతోంది."

కప్పడానికి చాలాసేపు పట్టింది. మట్టి తోయడం, అదమడం, మళ్లీ తోయడం. చివరికి నన్ను రానిచ్చారు. గుంత ఉన్న చోటు నేను కనిపెట్టలేకపోయాను, అంత చదునుగా ఉంది. మా ఆవిడ మట్టిలోనే బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. తాబేలు ఎవరి వైపూ చూడకుండా గేటు వైపు నడుస్తోంది. చిప్ప నిండా ఎర్రమట్టి.

"పిల్లలు ఎప్పుడైతయి?" అని ఓనరక్క అడిగింది.

"కావక్కా. మగది లేదు కదా. ఉత్త గుడ్లే."

"ఉత్తయని దానికి ఎరుకనా?"

"తెలియదు."

ఓనరక్క ఆ చదునైన చోటును కాసేపు చూసింది. "ఎంత మంచిగ కప్పిందో చూడు," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "మొగది ఉంటె మాత్రం ఏం చేస్తుండె? గీ సారు లెక్క గోడవతల నిలవడి కుక్కల కొడుతుండె."

"ఒక్క కుక్కే వచ్చింది," అన్నాను.

సాయంత్రం బుద్వేల్‌లో మళ్లీ ఎక్స్‌రే తీయించాం. చిప్ప లోపల తెల్లగా ఏమీ లేదు. డాక్టరు ఇక రానక్కర్లేదన్నాడు. కానీ ఆ రోజంతా తాబేలు ఏమీ తినలేదు. అలసట అయ్యుంటుందని నేను అంటే, అయ్యుంటుందని మా ఆవిడ అంది. ఇద్దరం రాత్రి అన్నం ముందు అలాగే కూర్చున్నాం.

తెల్లారి తలుపు కొట్టారు. ఓనరక్క. చేతిలో చిన్న స్టీలు డబ్బా. అందులో ఎండు రొయ్యలు.

"బాలింత ఏమన్న తిన్నదా?"

"లేదక్కా."

"పచ్చి ఒంటికి కీరకాయలేంది? సల్లదనం చెయ్యదా?" అని చెప్పులు విడిచి నేరుగా బాల్కనీలోకి వెళ్లింది. తొట్టె పక్కన కూర్చుని ఒక రొయ్యను రెండు వేళ్లతో పట్టుకుని ముందుకు చాపింది. తాబేలు బండరాయి మీద కదలకుండా ఉంది. ఆవిడా కదలలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. నా వైపు చూడలేదు, తొట్టెనే చూస్తోంది.

తాబేలు మెడ చాచింది. వాసన చూసింది. ఇంకాస్త చాచి, లాక్కుంది. కరకరమని నమిలింది.

మా ఆవిడ వంటింట్లోకి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు వినబడింది కానీ, గిన్నె కడిగిన చప్పుడు వినబడలేదు.

"సారూ," అంది ఓనరక్క, డబ్బాలోంచి ఇంకో రొయ్య తీస్తూ. "ఎల్లుండి పంతులొస్తడు. మట్టి ఎవరు కదిపిన్రని అడుగుతడు. ఏం చెప్పాల్నో జర సోంచాయించు. సదువుకున్నోనివి గద."

నేను సోంచాయించడం మొదలుపెట్టాను. తాబేలు రెండో రొయ్యను అందుకుంది.